ఎస్‌పీఎస్‌ఎస్‌లో ‘మెజర్’ కాలమ్ సరిగ్గా నింపడం ఎలా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటాతో సమగ్ర మార్గదర్శి

ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి కింద ఉన్న ‘వేరియబుల్ వ్యూ’ నొక్కండి. కుడివైపు చివరికి వెళ్తే ‘రోల్’కి ముందు ‘మెజర్’ అనే కాలమ్ ఉంటుంది. ఒక్కో వేరియబుల్‌కీ (వయసు, రాష్ట్రం లాంటి ఒక్కో అంశానికీ) అది ఏ రకం కొలతో చెప్పే ఓ చిన్న బొమ్మ అక్కడ కనిపిస్తుంది. కొలబద్ద ఉంటే స్కేల్, ఒకదాని పక్కన ఒకటి ఎత్తు పెరిగే మూడు కడ్డీలుంటే ఆర్డినల్, మూడు రంగు బంతులుంటే నామినల్. చాలామంది పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు ఈ కాలమ్ జోలికే వెళ్లరు. సాఫ్ట్‌వేర్ ఏం పెడితే అదే ఉండిపోతుంది. వైవాలో ‘ఈ టెస్ట్ ఎందుకు వాడావు?’ అని అడిగినప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఆ బొమ్మను సాఫ్ట్‌వేర్ పెట్టినా, నిర్ణయం మాత్రం మనదే. ఫైల్లో 28 అని ఉంటే అది వయసో, రాష్ట్రం కోడో, పిల్లల బరువో దానికి తెలియదు. తెలిసింది మనకే, లేదా ఆ డేటా సేకరించినవాళ్లకే. కాబట్టి ఈ పని కంప్యూటర్ ముందు కాకుండా కాగితం మీద మొదలవ్వాలి. ఉదాహరణగా ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) మహిళల ఫైలు తీసుకుంటున్నాను. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ ఆధ్వర్యంలో జరిగిన ఈ సర్వేలో 7,24,115 మంది మహిళల వివరాలున్నాయి. మన దగ్గర కమ్యూనిటీ మెడిసిన్, నర్సింగ్, ఆర్థికశాస్త్రం, సోషల్ వర్క్ చదివే ఎందరో దీని మీద పని చేస్తారు. ఈ ఫైల్లో వేరియబుల్స్ పేర్లు వి012, వి106 అన్నట్టు ఉంటాయి. ఏ పేరుకి, ఏ అంకెకి ఏం అర్థమో చెప్పే జాబితానే కోడ్‌బుక్.

మొదటి అడుగు: కోడ్‌బుక్ దగ్గర పెట్టుకుని నాలుగు ప్రశ్నలు వేయండి

హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో కొలతలను నాలుగు స్థాయిలుగా విడగొట్టాడు: నామినల్, ఆర్డినల్, ఇంటర్వెల్, రేషియో. ఎస్‌పీఎస్‌ఎస్‌లో చివరి రెండూ కలిసి ‘స్కేల్’ అయ్యాయి. నిర్వచనాలు బట్టీ పట్టనక్కర్లేదు. ప్రతి వేరియబుల్‌నీ ఈ ప్రశ్నలు వరసగా అడిగితే చాలు.

కోడ్ అంకెలను అటూ ఇటూ మార్చేస్తే అర్థం ఏమైనా చెడుతుందా? చెడకపోతే నామినల్.

చెడుతుందంటే వాటి మధ్య ఒక వరస ఉన్నట్టు. ఆ వరసలో పక్కపక్క అంకెల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటేనా? కాదంటే, లేదా చెప్పలేమంటే ఆర్డినల్.

దూరం సమానమే అయితే, సున్నా అంటే ‘అసలు లేదు’ అనే అర్థమేనా? అవునంటే రేషియో, కాదంటే ఇంటర్వెల్. ఎస్‌పీఎస్‌ఎస్‌లో రెండింటికీ స్కేలే పెడతాం. కానీ ‘ఇది దానికి రెట్టింపు’ అని రాయొచ్చా లేదా అన్నది ఈ జవాబును బట్టే ఉంటుంది.

నాలుగోది నేను చేర్చుకున్న ప్రశ్న: ఈ అంకె నిజంగా విశ్లేషణ కోసమేనా, లేక గుర్తింపు కోసం ఇచ్చిందా? ఇంటి నంబరు, కేసు ఐడీ లాంటివి ఏ స్థాయిలోకీ రావు. వాటిని నామినల్‌గా పెట్టి, ఏ విశ్లేషణలోనూ కలపకుండా వదిలేయాలి.

ఇప్పుడు అసలు వేరియబుల్స్ చూద్దాం.

వి024 రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ కోడ్ 28, తెలంగాణ కోడ్ 36. రెండు రాష్ట్రాల నుంచి సమాన సంఖ్యలో మహిళలను తీసుకుని ‘సగటు’ అడిగితే ఎస్‌పీఎస్‌ఎస్ మాట్లాడకుండా 32 అని ఇస్తుంది. 32 కేరళ కోడ్. సాఫ్ట్‌వేర్ మనల్ని ఆపదు అనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. ఇది నామినల్.

వి012 వయసు, ఏళ్లలో. స్కేల్. వి013 కూడా వయసే, కానీ అయిదేళ్ల గుంపులుగా ఉంటుంది: 15-19కి 1, 20-24కి 2, అలా 45-49కి 7. ఇది ఆర్డినల్. రెండూ ఒకే ఫైల్లో ఉన్నాయి కాబట్టి తేడా బాగా కనిపిస్తుంది. కొలత స్థాయి ‘వయసు’ అనే విషయానికి ఉండదు, దాన్ని మనం నమోదు చేసిన పద్ధతికి ఉంటుంది.

చదువు విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వి106లో చదువు స్థాయి నాలుగు కోడ్‌లుగా ఉంటుంది: చదువు లేదు 0, ప్రాథమిక 1, మాధ్యమిక 2, ఉన్నత 3. వరస ఉంది. దూరం? ఈ సర్వేలో ప్రాథమిక అంటే 1 నుంచి 5 తరగతులు, మాధ్యమిక అంటే 6 నుంచి 12. అంటే ఆరో తరగతిలో బడి మానేసిన అమ్మాయి, ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి ఇద్దరికీ 2 పడుతుంది. అయిదు చదివినామెకూ ఆరు చదివినామెకూ మధ్య మాత్రం ఒక కోడ్ తేడా వస్తుంది. ఈ 0-1-2-3కి సగటు తీసి ‘సగటు విద్యాస్థాయి 1.6’ అని రాస్తే దానికి అర్థం లేదు. సగటు కావాలంటే అదే ఫైల్లో వి133 ఉంది. ఎన్నేళ్లు చదివారో అందులో నేరుగా ఉంటుంది. అది స్కేల్.

ఆస్తి సూచిక కూడా ఇలాంటిదే. ఇంట్లో టీవీ, ఫ్రిజ్, వాహనం, మరుగుదొడ్డి, ఇంటి గోడలు, నేల వంటి వివరాలతో ఒక స్కోరు లెక్కిస్తారు. అది వి191. దాని ఆధారంగా కుటుంబాలను అయిదు వంతులు చేస్తే వచ్చేది వి190: అత్యంత పేద 1, అత్యంత ధనిక 5. వి190 ఆర్డినల్. వి191 స్కేల్, కానీ జాగ్రత్త: అందులో మైనస్ విలువలు ఉంటాయి, సున్నా అంటే ఆస్తి లేదని కాదు. కాబట్టి అది ఇంటర్వెల్. ‘ఈ కుటుంబం ఆ కుటుంబం కంటే రెట్టింపు సంపన్నం’ అని ఈ స్కోరుతో చెప్పకూడదు.

రక్తహీనత: వి456లో హిమోగ్లోబిన్, వి457లో స్థాయి. వి457లో తీవ్రం 1, మధ్యస్థం 2, స్వల్పం 3, రక్తహీనత లేదు 4. ఆర్డినలే, కాకపోతే తిరగేసిన వరస. అంకె పెరిగే కొద్దీ ఆరోగ్యం మెరుగు. చదువుకీ వి457కీ మధ్య స్పియర్‌మాన్ సహసంబంధంలో (రెండు వరసలు కలిసి పెరుగుతున్నాయా అని చూసే లెక్క) ప్లస్ వస్తే ‘చదువుతో రక్తహీనత పెరిగింది’ అని రాసేస్తే ఫలితం మొత్తం తలకిందులవుతుంది. కోడ్‌బుక్ పక్కన చిన్నగా ‘పెద్ద అంకె = మంచి’ అని రాసుకోండి. లేదా ‘ట్రాన్స్‌ఫార్మ్’ మెనూలో ‘రీకోడ్ ఇంటూ డిఫరెంట్ వేరియబుల్స్’తో 4ను 0గా, 3ను 1గా, 2ను 2గానే ఉంచి, 1ను 3గా మార్చి కొత్త వేరియబుల్ చేసుకోండి. పాత వేరియబుల్ మీదే రీకోడ్ చేయొద్దు. తర్వాత ఏది అసలుదో ఎవరికీ తెలియదు.

రెండో అడుగు: ముందు మిస్సింగ్ కోడ్‌లు ఏరేయండి

మిస్సింగ్ కోడ్ అంటే జవాబు దొరకని చోట వేసే అంకె. మెజర్ కాలమ్ నింపే ముందు ఈ పని చేయాలి, ఎందుకంటే స్కేల్ అనుకున్న వేరియబుల్‌లో దూరిన పేరుల్లాంటి కోడ్‌లు ఇవే. వి456లో విలువలు దశాంశం లేకుండా ఉంటాయి: 112 అంటే డెసిలీటరుకు 11.2 గ్రాములు. రక్త పరీక్ష సమయంలో మనిషి ఇంట్లో లేకపోయినా, వద్దన్నా 994, 995 లాంటి కోడ్ పడుతుంది. అలా వదిలేస్తే ఎస్‌పీఎస్‌ఎస్ వాటిని 99.4, 99.5 గ్రాములుగా లెక్కేసి సగటులో కలిపేస్తుంది. ఏ మనిషికీ అంత హిమోగ్లోబిన్ ఉండదు.

వేరియబుల్ వ్యూలో ‘మిస్సింగ్’ గడి నొక్కి, ‘రేంజ్’ ఎంచుకుని 994 నుంచి 999 వరకు ఇవ్వండి. ఇక్కడ రెండు దారులే ఉంటాయి: విడివిడిగా మూడు విలువలు ఇవ్వొచ్చు, లేదా ఒక రేంజ్‌తో పాటు ఇంకొక్క విలువ ఇవ్వొచ్చు. తర్వాత ‘ఫ్రీక్వెన్సీస్’ నడిపి కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూడండి. ఈ సర్వేలో కొన్నిచోట్ల 8, 98 ‘తెలియదు’కి వాడతారు. ప్రతి వేరియబుల్‌కీ కోడ్‌బుక్ విడిగా చూడాల్సిందే. పిల్లల సంఖ్యలో 8 అంటే నిజంగా ఎనిమిదిమంది పిల్లలే.

మూడో అడుగు: వాల్యూ లేబుళ్లు

‘వాల్యూస్’ గడిలో 0కి ‘చదువు లేదు’, 1కి ‘ప్రాథమిక’ అని పేర్లు ఇవ్వండి. సర్వే ఫైల్లో ఇవి ముందే ఉంటాయి. మీరు సొంతంగా ఎక్సెల్‌లో ఎక్కించిన డేటా అయితే మీరే ఇవ్వాలి. లేబుళ్లు తెలుగులో పెట్టుకోవచ్చు, పట్టికల్లో చక్కగా వస్తాయి. సొంత డేటా అయితే ఒక కాలమ్‌లో ‘అవును’, ‘ఎస్’, ‘1’ అని మూడు రకాలుగా నింపకండి. అక్షరాలు కలిస్తే ఆ కాలమ్ స్ట్రింగ్‌గా (అక్షరాల రకంగా) మారుతుంది, స్ట్రింగ్‌కి స్కేల్ పెట్టనివ్వదు.

నాలుగో అడుగు: మెజర్ పెట్టడం

ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలు తెరిచినప్పుడు ఎస్‌పీఎస్‌ఎస్ తనంతట తానే ఒక స్థాయి ఊహిస్తుంది. ఆ ఊహకు లెక్క ఉంది, అది తెలిస్తే ఎక్కడ పొరపడుతుందో ముందే పట్టుకోవచ్చు. దశాంశాలో మైనస్ విలువలో ఉంటే స్కేల్ అంటుంది. తేదీ అయినా స్కేలే. అన్ని విలువలూ 10,000 లేదా అంతకంటే ఎక్కువైతే స్కేల్. 24 లేదా అంతకు మించి వేర్వేరు విలువలుంటే స్కేల్. 10 కంటే తక్కువ విలువ ఒక్కటీ లేకపోతే స్కేల్. ఇవేవీ కాకపోతే నామినల్. ఆర్డినల్ అని అది ఊహించనే ఊహించదు. 24 అనే హద్దును ‘ఎడిట్’, ‘ఆప్షన్స్’, ‘డేటా’లో మార్చుకోవచ్చు.

ఈ లెక్కను మన వేరియబుల్స్ మీద వేసి చూడండి. ఆంధ్ర, తెలంగాణ కేసులు మాత్రమే తీసుకుని ఎక్సెల్ ఫైలు చేస్తే రాష్ట్రం కోడ్‌లు 28, 36. రెండే విలువలు, కానీ 10 లోపు ఏదీ లేదు. కొలబద్ద బొమ్మ పడుతుంది. మీ సొంత సర్వేలో పిన్‌కోడ్ అడిగారనుకోండి. 5తో మొదలయ్యే ఆరంకెలు, అన్నీ పదివేల పైనే. అదీ స్కేల్. మరోవైపు పుట్టిన పిల్లల సంఖ్య (వి201) నిజంగా లెక్కపెట్టిన సంఖ్య, సున్నాకి అర్థం ఉంది. కానీ వేర్వేరు విలువలు 24 లోపే ఉంటాయి కాబట్టి నామినల్ పడుతుంది. నామినల్ కావాల్సినవి స్కేల్, స్కేల్ కావాల్సింది నామినల్. మీరు సరిచేయకపోతే ఇలాగే ఉంటుంది.

సరిచేయడానికి మెజర్ గడిలో నొక్కి ఎంచుకోవచ్చు. వరసగా చాలా ఉంటే ఒక గడిని కాపీ చేసి మిగతావాటిలో పేస్ట్ చేయొచ్చు. నేను మాత్రం ‘డేటా’ మెనూలో ‘డిఫైన్ వేరియబుల్ ప్రాపర్టీస్’ వాడమంటాను. అది విలువలను చదివి, ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో పక్కన చూపిస్తుంది. లేబుల్ లేని కోడ్ ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. చివర్లో ‘ఓకే’ బదులు ‘పేస్ట్’ నొక్కండి. చేసిన మార్పులన్నీ ఆదేశాల రూపంలో సింటాక్స్ ఫైల్లోకి వెళ్తాయి. వేరియబుల్ వ్యూలో చేత్తో మార్చినవాటికి అలాంటి రికార్డు మిగలదు. ఫైలు పాడైనా, గైడ్ మళ్లీ కొత్త డేటా ఇచ్చినా ఈ సింటాక్స్ ఒక్కసారి నడిపితే సరిపోతుంది.

ఈ బొమ్మ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు

‘డిస్క్రిప్టివ్స్’, ‘టీ టెస్ట్’, ‘లీనియర్ రిగ్రెషన్’ లాంటి పాత విధానాలు మెజర్‌ని పట్టించుకోవు. నామినల్ అని పెట్టినా రాష్ట్రం కోడ్ సగటు ఇచ్చేస్తాయి. బొమ్మ సరిగ్గా పెట్టాం కాబట్టి ఇక తప్పు జరగదని ధీమా పడకూడదు.

చార్ట్ బిల్డర్, కస్టమ్ టేబుల్స్, డెసిషన్ ట్రీ మాత్రం దాని మాట వింటాయి. కస్టమ్ టేబుల్స్‌లో స్కేల్ వేరియబుల్ లాగితే సగటు వస్తుంది, నామినల్ లాగితే సంఖ్యలు వస్తాయి. చార్ట్ బిల్డర్‌లో ఒక చార్టు కోసం తాత్కాలికంగా స్థాయి మార్చాలంటే వేరియబుల్ మీద రైట్ క్లిక్ చేస్తే చాలు. అసలు ఫైల్లో మార్పు ఉండదు.

ఒక చిక్కు మాత్రం చాలామందిని కంగారు పెడుతుంది. రెండు గుంపులను పోల్చే మాన్-విట్నీ పరీక్ష ఆర్డినల్ డేటాకి సరిపోతుందని పుస్తకాలన్నీ చెబుతాయి. కానీ ‘నాన్‌పారామెట్రిక్ టెస్ట్స్’లోని కొత్త డైలాగ్‌లో ఆర్డినల్ వేరియబుల్ ఇస్తే నడవదు, స్కేల్ కావాలంటుంది. మీ నిర్ణయం తప్పేమీ కాదు, అది ఆ డైలాగ్ పరిమితి. ‘లెగసీ డైలాగ్స్’లోని పాత మాన్-విట్నీ వాడండి, ఆర్డినల్‌తోనే నడుస్తుంది. కొత్తదే కావాలంటే ఆ ఒక్క పరీక్ష కోసం స్కేల్ పెట్టి, వెంటనే తిరిగి మార్చేయండి. థీసిస్‌లో మాత్రం ఆర్డినల్ అనే రాయండి.

స్థాయిని బట్టి ఏ లెక్క?

నామినల్‌కి శాతాలు, బాహుళకం, కై-స్క్వేర్. ఆర్డినల్‌కి మధ్యగతం, స్పియర్‌మాన్ లేదా కెండాల్ సహసంబంధం, మాన్-విట్నీ, క్రుస్కల్-వాలిస్, ఆర్డినల్ లాజిస్టిక్ రిగ్రెషన్. స్కేల్‌కి సగటు, ప్రామాణిక విచలనం, పియర్సన్, టీ టెస్ట్, రిగ్రెషన్. స్కేల్ అయినంత మాత్రాన సగటే సరైనదని కాదు. ఆదాయం లాంటి వాటిలో కొద్దిమంది పెద్ద విలువలు సగటును లాగేస్తాయి, అక్కడ మధ్యగతమే నిజానికి దగ్గర.

రెండే విలువలున్న నామినల్‌కి ఒక వెసులుబాటు ఉంది. వి025లో పట్టణం 1, పల్లె 2. దాన్ని పల్లె 1, పట్టణం 0 అని రీకోడ్ చేస్తే, సగటు తీసినప్పుడు వచ్చేది పల్లెల వాటా. రిగ్రెషన్‌లో కూడా నేరుగా వాడొచ్చు.

లైకర్ట్ ప్రశ్నల మీద ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ వాదన ఉంటుంది. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ వరకు ఒక్క ప్రశ్న అయితే ఆర్డినల్ అనే నేనంటాను. ఒకే విషయం మీద అడిగిన ఎనిమిదో పదో ప్రశ్నల జవాబులు కలిపి, వాటి పొందిక పరీక్షించి స్కోరు చేస్తే, ఆ స్కోరును స్కేల్‌గా తీసుకోవడం పరిశోధనల్లో మామూలే. లైకర్ట్ 1932లో ప్రతిపాదించింది కూడా అలా కలిపిన స్కోరునే. ఏది ఎంచుకున్నా పద్ధతుల అధ్యాయంలో ఒక వాక్యం రాయండి.

ఆర్, జమోవి, స్టాటా వాడేవాళ్లకు

ఈ మూడూ కూడా గణాంక సాఫ్ట్‌వేర్లే. ఆర్‌లో స్కేల్‌కి న్యూమరిక్, నామినల్‌కి ఫ్యాక్టర్, ఆర్డినల్‌కి ఆర్డర్డ్ ఫ్యాక్టర్. ఎస్‌పీఎస్‌ఎస్‌లా కాకుండా ఇక్కడ రకం తప్పైతే ఫలితమే మారిపోతుంది. ఇంగ్లిష్ లేబుళ్లతో రక్తహీనత స్థాయిని ఫ్యాక్టర్ చేసేటప్పుడు ‘లెవెల్స్’ మీరు చెప్పకపోతే ఆర్ అక్షరక్రమం తీసుకుంటుంది: మైల్డ్, మోడరేట్, నాట్ అనీమిక్, సివియర్. ఆరోగ్యంగా ఉన్న మహిళ మధ్యస్థానికీ తీవ్రానికీ నడుమ పడిపోతుంది. లెవెల్స్ వరస ఎప్పుడూ చేత్తో రాయండి.

ఇంకో ఉచ్చు: 28, 36 ఉన్న ఫ్యాక్టర్‌ని నేరుగా న్యూమరిక్‌గా మారిస్తే 1, 2 వస్తాయి, 28, 36 రావు. ముందు క్యారెక్టర్‌గా మార్చి తర్వాత న్యూమరిక్ చేయాలి. ఆర్డర్డ్ ఫ్యాక్టర్‌ని లీనియర్ మోడల్‌లో పెడితే ఫలితాల్లో పేరు చివర ఎల్, క్యూ, సీ అని వస్తాయి. అవి లీనియర్, క్వాడ్రాటిక్, క్యూబిక్ ధోరణులు. ‘ప్రాథమిక చదువు ప్రభావం’ లాంటి విడి వర్గాల పోలిక కావాలంటే ఆ మోడల్‌కి మామూలు ఫ్యాక్టర్ ఇవ్వండి.

జమోవి ఉచితం, కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ముందు దాన్నే చూపిస్తాను. కాలమ్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే నామినల్, ఆర్డినల్, కంటిన్యువస్‌తో పాటు ‘ఐడీ’ అనే నాలుగో ఎంపిక ఉంటుంది. కేసు ఐడీలకు అది పెట్టేస్తే సరి. విశ్లేషణ పెట్టెల మూలలో ఏ రకం వేరియబుల్ పడుతుందో చిన్న బొమ్మలతో చూపిస్తుంది. స్టాటాలో మెజర్ కాలమ్ లాంటిదేమీ లేదు. కమాండ్ రాసేటప్పుడే వేరియబుల్ పేరు ముందు ‘ఐ’ చుక్క పెడితే వర్గాలుగా, ‘సీ’ చుక్క పెడితే స్కేల్‌గా తీసుకుంటుంది. రిగ్రెషన్‌లో ఏమీ పెట్టకపోతే రాష్ట్రం కోడ్‌ని కూడా మామూలు సంఖ్యగానే లెక్కేస్తుంది.

చివరి అడుగు: తెలిసిన జవాబుతో సరిచూసుకోండి

సర్వే నివేదికలు అచ్చైన అంకెలు ఇస్తాయి కాబట్టి ఈ డేటాతో పనిచేసేవాళ్లకు గొప్ప సౌకర్యం ఉంది. ఐదో విడత నివేదిక ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 57.0 శాతం. వి005 వెయిట్‌ను (లెక్కలో ఒక్కో మహిళకు ఇచ్చే బరువు) 10 లక్షలతో భాగించి, ‘డేటా’ మెనూలో ‘వెయిట్ కేసెస్’లో ఇవ్వండి. వి457కి ఫ్రీక్వెన్సీ తీసి, 1, 2, 3 కోడ్‌ల ‘వాలిడ్ పర్సెంట్’ కలపండి. 57కి దగ్గరగా రావాలి. బాగా తేడా వస్తే మిస్సింగ్ కోడ్‌లు, వెయిట్, వరస దిశ, ఈ మూడింటినీ ఆ క్రమంలోనే వెతకండి. సరిపోయాక కోడ్‌బుక్ పట్టికలో ప్రతి వేరియబుల్‌కీ పేరు, అర్థం, మిస్సింగ్ కోడ్‌లు, కొలత స్థాయి, పెద్ద అంకెకి అర్థం అనే అయిదు గడులు నింపి, సింటాక్స్ ఫైలుతో పాటు ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. గైడ్‌కి డేటా పంపేటప్పుడు ఆ రెండూ కూడా పంపండి.